శంషాబాద్ నుంచి మెతుకుసీమ దాకా

శంషాబాద్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? విమానాలే కదండీ! అమెరికా వెళ్లే కొడుకును సాగనంపడానికో, దుబాయ్ నుంచి వచ్చే అల్లుడిని తీసుకెళ్లడానికో మీలో చాలామంది మా ఊరు వచ్చే ఉంటారు. వచ్చి, తిన్నగా విమానాశ్రయం ముందు దిగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ అదే కారులో వెనక్కి వెళ్లిపోయి ఉంటారు. ఊళ్లోకి తొంగి చూసినవాళ్లు తక్కువ.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటికి ఇక్కడ విమానాశ్రయం లేదు. బెంగుళూరు రోడ్డు, రోడ్డు వారగా నాలుగు హోటళ్లు, వెనకాల రాతి గుట్టలు, అక్కడక్కడా ద్రాక్షతోటలు, అంతే. పైగా నవాబుల్లో శంసుల్ ఉమ్రా బిరుదున్న ఆయన పేరు మీద ఈ ఊరికి శంషాబాద్ అని పేరొచ్చిందంటారు. 2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ ఇక్కడికి మారాయి. మొదట్లో మోత వినిపిస్తే చాలు, చేతిలో గరిటెతోనే డాబా మీదికి పరుగెత్తేవాళ్లం. ఇప్పుడు పాలు పొంగుతున్నాయేమోనని పొయ్యి వైపు చూస్తాం గానీ తలెత్తి పైకి చూడం. అలవాటంటే అదే మరి!

దేవుళ్లకు కూడా మా చుట్టుపక్కల కొదవ లేదు. అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడిని మీరు సినిమాల్లో ఎన్నోసార్లు చూసే ఉంటారు. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహం 2022 ఫిబ్రవరిలో వెలిసింది. కొత్తూరు వైపు వెళ్తే జహంగీర్ పీర్ దర్గా. 2017 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ శంషాబాద్ పేరుతోనే ఒక సీరో మలబార్ మేత్రాసనాన్ని కూడా ఏర్పాటు చేశారు. దాని మొదటి బిషప్ రఫాయేల్ తట్టిల్ గారు 2024 జనవరిలో ఆ సభ మొత్తానికీ పెద్ద అయ్యారు. ఇన్ని ఉన్న ఊళ్లో మాదొక చిన్న చర్చి. రెండు వందల మంది కూర్చుంటే నిండిపోతుంది. కానీ నేను మీకు చెప్పబోయేది ఇవేవీ కావు. 2023 క్రిస్మస్ నాడు నేను, మావారు, మా అత్తమ్మ శంషాబాద్ నుంచి మెదక్ పెద్ద చర్చికి వెళ్లిన ముచ్చట. ప్రయాణం నూట పాతిక కిలోమీటర్ల లోపే. నాకు మాత్రం ఎంతో దూరం వెళ్లొచ్చినట్టు ఉంటుంది.

నా క్రిస్మస్ పోయింది!

ముందు ఇంట్లో సంగతి చెప్పాలి. దాచుకుని లాభం లేదు.

క్రిస్మస్ వస్తోందంటే నవంబరు చివరి నుంచే నా కాళ్లకు చక్రాలు కట్టినట్టు ఉండేది. మా చర్చి స్త్రీల మైత్రిలో పన్నెండేళ్లు పనిచేశాను. నక్షత్రాలు కట్టడం, పశువుల పాక అలంకరించడం, పిల్లలకు నాటిక నేర్పడం, పండగనాటి ప్రేమవిందుకు నూట యాభై మందికి వంట చేయించడం అన్నీ నా చేతుల మీదుగా జరిగేవి. ఎవరూ జీతం ఇవ్వరు. అయినా ఒళ్లు హూనమయ్యేలా చేసి ఇంటికొచ్చి పడుకుంటే, దేవుడికి నా వంతు ఇచ్చానన్న తృప్తి ఉండేది.

2021లో మా అత్తమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ మళ్లీ లేచి తిరిగే పరిస్థితి రాలేదు. అప్పటినుంచి మంచం, చక్రాల కుర్చీ, నేను. రాత్రి రెండుసార్లు లేవాలి. పొద్దున పక్క బట్టలు ఉతకాలి. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నేను ఇంట్లో కుట్టుకునే జాకెట్లు ఆగిపోయాయి. క్యారల్స్ ఆగిపోయాయి. ఆడపడుచు ఫోన్లో "వదినా, నువ్వు దేవతవు" అంటుంది. దేవతనని చెప్పి ఫోన్ పెట్టేస్తే పక్క బట్టలు ఎవరు ఉతుకుతారండీ?

ఆ ఏడాది డిసెంబరు మొదటి వారంలో చర్చి నుంచి ఒకామె వచ్చి, "నీకు వీలు కాదు కదక్కా, అందుకని విందు పని వేరేవాళ్లకు అప్పజెప్పాం" అంది. మంచికే అంది. ఆమె తప్పేం లేదు. కానీ ఆమె వెళ్లిపోయాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. దేవుడికి చేసే సేవ ఒక్కటే నాదని అనుకున్నాను, అదీ ఈ ముసలామె వల్ల పోయింది అనుకున్నాను. అవునండీ, అలాగే అనుకున్నాను. పైకి అనలేదు గానీ గ్లాసు పెట్టే చప్పుడులో, తలుపు వేసే తీరులో అన్నీ తెలుస్తాయి కదా! మంచంలో ఉన్నవాళ్లకు చెవులు ఇంకా బాగా వినిపిస్తాయి.

రెండు రోజుల తర్వాత అత్తమ్మ నన్ను పిలిచి, "బిడ్డా, నన్ను ఒక్కసారి మెదక్ తోల్కపోతవా? క్రిస్మస్ పొద్దున పెద్ద గుడి చూడాలనుంది" అంది.

నాకు కోపం నెత్తికెక్కింది. నడవలేని మనిషిని, చలికాలంలో, అర్ధరాత్రి, అంత జనంలోకా? "చూద్దాం లెండి" అన్నాను. మన ఇళ్లల్లో "చూద్దాం" అంటే ఏమిటో మీకు తెలుసు.

మావారు మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. ఆయన విమానాశ్రయం దగ్గర ట్యాక్సీ నడుపుతారు. క్రిస్మస్ ముందు రాత్రంటే మంచి గిరాకీ ఉంటుంది. "పోతే ఒక్క రాత్రి కిరాయి పోతుంది. అమ్మ మళ్లీ అడుగుతుందో లేదో" అన్నారు. ఇక నేనేం మాట్లాడతాను?

అర్ధరాత్రి ప్రయాణం

24వ తేదీ ఆదివారం సాయంత్రమే సామాను సర్దాను. అరిసెలు, గారెలు, దారిలోకి సర్వపిండి, అత్తమ్మకు ఫ్లాస్కులో పల్చటి జొన్న జావ. ఆమెవి రెండు చీరలు, రెండు దుప్పట్లు, పాత పంచెలు, ప్లాస్టిక్ షీటు. నా కానుక కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. అంతా అయ్యాక అత్తమ్మ తన మంచం కింద డబ్బా చూపించి, "గా బియ్యం మూట గట్టు" అంది.

ఆ డబ్బా సంగతి చెబుతాను. మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో, ముఖ్యంగా పల్లెల్లో, పిడికెడు బియ్యం అని ఒక పాత అలవాటుంది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. నిండాక చర్చికిస్తారు. చేతిలో రూపాయి లేని ఇల్లాలు కూడా దేవుడికి ఏదో ఒకటి ఇవ్వగలగాలని మన పెద్దలు పెట్టిన పద్ధతి. అత్తమ్మ మంచాన పడ్డాక కూడా రోజూ వండేముందు నన్ను పిలిచి, గిన్నె తన దగ్గరికి తెప్పించుకుని, వణికే చేత్తో ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే ఇదో పని అని నేను విసుక్కునేదాన్ని. ఆ రాత్రి మూట కట్టి చేత్తో ఎత్తి చూశాను. రెండు కిలోలు కూడా ఉండదు.

మా ఊళ్లో తూకం లేకుండా ఏదీ కదలదండీ. విమానం ఎక్కేవాళ్ల ఇళ్లల్లో తూచే కొక్కెం తప్పకుండా ఉంటుంది. ఆవకాయ సీసా తీసి, జంతికల ప్యాకెట్ పెట్టి, మళ్లీ తూచి, ఇరవై మూడు కిలోలకు పావు కిలో ఎక్కువైతే ఒక చీర తీసేస్తారు. ఆ అలవాటుకొద్దీ నేను ఆ మూటనూ తూచాను. నా కవరులో వెయ్యి నూటపదహార్లు. నాదే బరువైన కానుక అని లోపల చిన్న గర్వం లేకపోలేదు.

రాత్రి ఒంటిగంటకు బయల్దేరాం. ముందు సీటు వెనక్కి వాల్చి అత్తమ్మను పడుకోబెట్టాం. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఉంగరంలా ఉండే ఆ రోడ్డు మీద మా వైపు నుంచి పడమరగా, ఉత్తరంగా తిరిగి, దుండిగల్ దగ్గర దిగి నర్సాపూర్ దారి పట్టాం. వెనక ఒక విమానం దీపాలు మిణుకుమంటూ దిగుతోంది. ఎవరి పిల్లలో పండక్కి ఇంటికొస్తున్నారు అనుకున్నాను.

నర్సాపూర్ అడవిలో చలి ఎముకల్లోకి దిగింది. పగలైతే రోడ్డు పొడుగునా కోతులు. ఆ వేళ ఒక్కటీ లేదు. కౌడిపల్లి, కొల్చారం దాటుతుంటే మా ముందూ వెనకా ఆటోలు, ట్రాక్టర్లు, వ్యాన్లు. చీరకొంగులు తలకు చుట్టుకున్న ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలు, పాటలు. మూడున్నరకు దూరంగా చర్చి గోపురం దీపాలతో కనిపించింది. అత్తమ్మ అప్పటిదాకా కళ్లు మూసుకునే ఉంది. "వచ్చినమా?" అని లేచింది. ఎలా తెలిసిందో!

ఆకలి కట్టిన గుడి

ఈ చర్చి కథ మీరు తెలుసుకోవాలి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లండు మిషనరీ 1895లో సికింద్రాబాద్ వచ్చారు. కొన్నాళ్లకు మెదక్ చేరుకున్నారు. 1914లో పెద్ద చర్చి పని మొదలుపెట్టారు. అది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది. ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో కరువు. పంటల్లేవు, పనుల్లేవు, పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లు. ఊరికే గంజి పోసి పంపడం కాకుండా, పని కల్పించి, దానికి బదులుగా తిండి పెట్టాలని పాస్నెట్ దొర తలచారు. ఊళ్లకు ఊళ్లు వచ్చి రాళ్లు మోశాయి. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజునే, ప్రతిష్ఠ జరిగింది.

వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, ఐదువేల మంది కూర్చోగల మందిరం. గంట గోపురం 175 అడుగులు. చార్మినార్ కంటే ఎత్తు పోతోందని నిజాం అభ్యంతరం చెప్పాడని ఒక కథ కూడా చెప్పుకుంటారు. గోడలకూ స్తంభాలకూ ఇక్కడి రాయి. నేల మీద రంగురంగుల పలకలు మాత్రం ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చాయి, వాటిని పరచడానికి ఇటలీ పనివాళ్లు వచ్చారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఇది మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయమైంది.

అన్నట్టు, మెదక్ ప్రాంతాన్ని మెతుకుసీమ అంటారు, తెలుసు కదా! మెతుకు అన్న మాట నుంచే మెదక్ వచ్చిందంటారు. మెతుకుసీమలో మెతుకు లేని రోజుల్లో, మెతుకు కోసం లేచిన గుడి ఇది. ఎంత విచిత్రం!

అత్తమ్మ పుట్టిల్లు మెదక్ దగ్గర పల్లె. ఆమె అమ్మమ్మ పన్నెండు, పదమూడేళ్ల పిల్లప్పుడు ఈ గుడికి సున్నం తట్టలు మోసిందట. ఈ సంగతి నా పెళ్లైనప్పటి నుంచి వింటున్నాను. విని విని, వినడం మానేశాను.

పాటలు లోపల, నేను బయట

నాలుగున్నరకు మొదటి ఆరాధన. చక్రాల కుర్చీ దించి, నలుగురు కుర్రాళ్లను బతిమాలి, మెట్లెక్కిద్దామని అనుకున్నాం. మావారు కారు నిలపడానికి వెళ్లారు. లోపల గంటలు మోగాయి. అంతమంది ఒక్కసారి గొంతెత్తి పాడుతుంటే నా ఒళ్లు జలదరించింది. సరిగ్గా అప్పుడే అత్తమ్మ నా కొంగు పట్టుకుని లాగింది. ఆమె మొహం చూడగానే అర్థమైంది. చీర, దుప్పటి, కుర్చీ, అన్నీ తడిసిపోయాయి. తడవడం ఒక్కటే కాదు.

ఆ క్షణం నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెబుతాను. దేవుడా, ఇక్కడికి వచ్చాక కూడానా అనుకున్నాను. ఈ ఒక్క గంట కూడా నాకు ఇవ్వవా అని నిలదీశాను. ఆమె "నన్ను కోపం జెయ్యకు బిడ్డా" అంది, చిన్నపిల్లలాగా. ఏడుస్తోంది.

ఒక చెట్టు చాటుకు తోసుకెళ్లాను. ఫ్లాస్కులో వేడినీళ్లుంటే చల్లనీళ్లలో కలిపాను. చాటు ఎలాగా అని చూస్తుంటే, చలిమంట దగ్గర కూర్చున్న ఒకామె లేచి వచ్చింది. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చేతుల నిండా గాజులు. ఏమీ అడగలేదు. తన దుప్పటి విప్పి రెండు చేతులా తెరలా పట్టుకుంది. నేను తుడిచాను, కడిగాను, పొడి పంచె కట్టాను, చీర మార్చాను. పావుగంట పైనే పట్టింది. ఆ చలిలో ఆమె దుప్పటి లేకుండా అలాగే నిలబడింది.

"మా అత్తగూడ గిట్లనే నాలుగేండ్లు పండింది" అంది చివరికి. "పోయినంక తెలిసింది, ఇల్లంత ఖాళీ అయిందని."

మీరు కూడా చర్చికేనా అని అడిగితే నవ్వింది. "ఏటేట వస్తం. మొక్కున్నది" అని దుప్పటి కప్పుకుని మళ్లీ మంట దగ్గరికి వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

లోపల కానుకల పాట మొదలైంది. నా కవరు బ్యాగులో ఉంది. నా చేతులకు ఇంకా ఆ వాసన ఉంది. విచిత్రమేమిటంటే, ఆ పావుగంట చేసిన పనిలో కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. అందరూ కానుకలు తీసుకుని ముందుకు నడుస్తుంటే, నేను చెట్టు కింద తడిబట్టలు సంచిలో కుక్కుతూ కూర్చున్నాను. నా వంతు కానుక ఇప్పుడే ఇచ్చేశానేమో అన్న ఆలోచన వచ్చింది. వచ్చినంత సేపే ఉంది, పెద్ద జ్ఞానోదయం అని చెప్పను. కానీ వచ్చింది.

అమ్మమ్మ ఎందుకు ఊడ్చేది?

మావారు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. జావ తాగించాను. ఎన్నో ఏళ్లుగా వినడం మానేసిన కథ నేనే అడిగాను. "అత్తమ్మా, మీ అమ్మమ్మ ఇక్కడ పనిచేసింది దేవుడి మీద భక్తితోనా?"

అత్తమ్మ నవ్వింది. "దేవుని కొరకు యాడిది బిడ్డా! ఆకలికి పోయింది. పొద్దంత తట్టలు మోస్తే మాపటికి కడుపు నిండ గట్క. అంతే ఎరుక. కడుపు నిండినంక దేవుడు యాదికొచ్చిండు."

"మరి?"

"గుడి అయిపోయింది, పని బందైంది. అమ్మమ్మ మాత్రం బంద్ చెయ్యలే. ఐతారం వస్తే చీకటితోనే వచ్చి మెట్లు ఊడ్చి పోయేది. ఎవ్వలు చెప్పలే, ఎవ్వలు పైసలియ్యలే. ఎందుకే అమ్మమ్మా అంటే, నేను మోసిన రాయి మీద దుమ్ము పడితే నాకు మంచిగనిపియ్యది అనేది."

"ఏ రాయో తెలుసా మీకు?"

"చెప్పకనే పాయె!" అని బోసి నోటితో మళ్లీ నవ్వింది.

ఆ మాట గురించి నేను చాలా ఆలోచించాను. మనం ఇష్టపూర్వకమైన సేవ అంటే మొదట మనసులో భక్తి పొంగి, తర్వాత చేతులు కదలాలనుకుంటాం. ఆ అమ్మమ్మకు చేతులే ముందు కదిలాయి. మనసు వెనకాల నడిచొచ్చింది. మొదట కూలి, ఆ తర్వాతే కానుక. రాయి అదే, మోసిన మనిషీ అదే.

తెల్లవారాక, మొదటి ఆరాధన జనం బయటికి వస్తుంటే, నలుగురు కుర్రాళ్లు కుర్చీని ఎత్తి మెట్లెక్కించారు. అప్పుడే ఎండ పడుతోంది. ఈ చర్చికి ఉన్న గొప్ప రంగుల గాజు కిటికీల గురించి మీరు వినే ఉంటారు. ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసినవి. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయట సూర్యుడి వెలుగు ఉంటేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. రాత్రి లోపల ఎన్ని దీపాలు పెట్టినా, లోపలున్నవాళ్లకు అవి నల్లటి గాజులే.  ఇప్పుడు పశువుల పాక, తల్లి, పసిబిడ్డ, నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో కళ్లముందు నిలబడ్డాయి.

ఆ పసిబిడ్డ దగ్గరికి జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారని మనకు తెలుసు. గొల్లలు ఏం తెచ్చారో ఎక్కడా రాయలేదు. రాత్రిపూట మందను కాసే పనిలో ఉన్నవాళ్లు, ఉన్నపళంగా చేతులూపుకుంటూ వచ్చి ఉంటారు. వాళ్లనే ముందు పిలిచారు కదా!

అత్తమ్మ తన మూట తానే ఇస్తానంది. ముందు దాకా తోసుకెళ్తే, రెండు చేతులా ఎత్తి అక్కడ పెట్టింది. రెండేళ్లుగా, రోజుకో పిడికెడు చొప్పున చర్చికి పోగా మిగిలిన బియ్యం. ప్రతి పిడికెడూ నేను విసుక్కుంటుంటే తీసిన పిడికెడే. నా కవరు కూడా దాని పక్కనే పెట్టాను. ఈసారి ఏది బరువో తూచాలనిపించలేదు. వెనక్కి వస్తూ అత్తమ్మ ఒక స్తంభం దగ్గర కుర్చీ ఆపించి, చేయి చాచి రాయిని నిమిరింది. ఇదేనా అన్నట్టు నా వైపు చూసింది. ఇదే అన్నాను.

మీరూ వెళ్లాలనుకుంటే

హైదరాబాద్ నుంచి మెదక్‌కు బస్సులు బాగానే ఉన్నాయి. 2022 సెప్టెంబరు నుంచి మెదక్ ఊళ్లోకి రైలు మార్గం కూడా వచ్చింది. సొంత బండి ఉంటే ఔటర్ మీద దుండిగల్ దగ్గర దిగి నర్సాపూర్ మీదుగా వెళ్లండి. క్రిస్మస్ నాడు జనం విపరీతం. 2024లో నూరేళ్ల పండగకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు కూడా వచ్చారు. ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజుల్లో, ఎండ ఉన్న పూట వెళ్లండి. కిటికీల అందం అప్పుడే. పెద్దవాళ్లతో వెళ్తే రెండు జతల బట్టలు, వేడినీళ్లు, ప్లాస్టిక్ షీటు, చాటుకు ఒక పెద్ద దుప్పటి తప్పకుండా పెట్టుకోండి. నా అనుభవంతో చెబుతున్నాను! వీలుంటే మెదక్ ఖిల్లా, మంజీర ఏడు పాయలుగా చీలే చోట ఉన్న ఏడుపాయల వనదుర్గమ్మ, పోచారం చెరువు కూడా చూసి రావచ్చు.

మధ్యాహ్నానికి శంషాబాద్ చేరాం. ఊళ్లోకి వస్తుంటే నెత్తిమీదుగా విమానం. మా చర్చిలో ప్రేమవిందు అప్పటికే అయిపోయింది. బిర్యానీ బాగా కుదిరిందని చెప్పారు. కొంచెం అసూయగానే అనిపించింది. అబద్ధం ఎందుకు?

ఆ రోజు నుంచి నేను మారిపోయానని రాస్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. మూడో రోజే మళ్లీ విసుక్కున్నాను. ఇప్పటికీ కొన్ని రాత్రులు రెండోసారి లేవాల్సొస్తే పళ్లు కొరుక్కుంటాను. అయితే ఒకటి మారింది. దేవుడి సేవ చర్చిలో, కోడలి చాకిరీ ఇంట్లో అని రెండు పద్దులు రాసుకునేదాన్ని. ఇప్పుడు ఒకటే పద్దు. మనసు వెనకబడిన రోజు చేతులను ముందు పంపిస్తాను. చాలాసార్లు మనసు వెనకాలే వస్తుంది. రాని రోజూ ఉంటుంది. ఆ అమ్మమ్మకు కూడా మొదటి రోజే వచ్చి ఉండదు కదా!

మీ ఇళ్లల్లోనూ మంచం పట్టిన పెద్దవాళ్లు, కదల్లేని బిడ్డలు ఉండొచ్చు. వాళ్ల వల్ల గుడికో చర్చికో వెళ్లలేకపోయామని బాధపడేవాళ్లు ఉండొచ్చు. మీకోసమే ఈ నాలుగు మాటలు రాశాను.

ఇంకా రాద్దామనే ఉంది. అన్నానికి ఎసరు పెట్టే వేళైంది. బియ్యం గిన్నె తెమ్మని లోపల్నుంచి పిలుస్తోంది. వస్తున్నా, అత్తమ్మా!